కొవ్వు గదిలో మంచం

ఆగస్టు 2

ఇవాళ్టి నుంచి రాస్తున్నాను. ఎవరికోసమూ కాదు. ఇన్నేళ్ళూ ఏ మాటొచ్చినా వదినతోనే చెప్పేదాన్ని. ఆఖరికి వదిన మీద కోపమొచ్చినా వదిన దగ్గరే కూర్చుని వదినని తిట్టేదాన్ని. ఇప్పుడు వదిన దగ్గరే దాచాల్సిన మాట ఒకటి వచ్చి పడింది. నా నోట్లో నువ్వుగింజ నానదు. అందుకని ఇక్కడ.

డాక్టరు నన్నొక్కదాన్నే లోపలికి పిలిచాడు. కుర్రవాడు. నా మొహం చూడకుండా బల్లమీది కాగితాలతో మాట్లాడినట్టు మాట్లాడాడు. వదిన కాలేయమట. చాలా దూరం పోయిందట. "ఎన్నాళ్ళండీ?" అన్నాను. "నెలలు అనుకోకండమ్మా, వారాలే" అన్నాడు. అతని చొక్కా జేబు మీద సిరా మరక ఉంది. దాన్నే చూస్తూ కూర్చున్నాను.

బయట బెంచీ మీద వదిన చెప్పులు విడిచేసి కాళ్ళు ఊపుకుంటూ కూర్చుంది.

"ఏమన్నాడే?"

"రక్తం తక్కువట. బాగా తినమన్నాడు."

"అబద్ధమాడితే నీ చెవులు ఎర్రబడతాయే గయ్యాళీ" అని నవ్వింది. ఇల్లు చేరేదాకా మళ్ళీ అడగలేదు. అడిగితే చెప్పేసేదాన్నేమో.

అసలు జబ్బు కనిపెట్టింది ఈ డాక్టరేం కాదు, వదినే. జూన్‌లో ఒకరోజు విడిచిన జాకెట్టు ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు నిలబడింది. "నా చెమట మారిందే. ఏదో తీపి తగులుతోంది" అంది. నేను లాక్కుని చూశాను. నాకేం తేడా లేదు. "నీ చెమట ఎప్పుడూ తీపేలే వదినా, అందుకే చీమలు పడుతున్నాయి" అని వెక్కిరించాను కూడా. ఒకే గదిలో పడుకుంటాం. వాసనలు పట్టుకునే బతుకుతున్నాను. నాకెందుకు తెలియలేదు?

ఆగస్టు 4

ముక్కావిడ ఫోన్ చేసింది. పరిమళాల కంపెనీలో ఆవిడ ముక్కు ఎంత చెబితే అంత, అందుకే ఆ పేరు పెట్టుకున్నాం. తెల్లపూల పరిమళం ఒకటి కడుతోందట. మందుల్లో నానబెట్టి తీసిన సారంలో ప్రాణం లేదట. మా పాతపద్ధతిలో కొవ్వుకి పట్టించిన నేలసంపెంగ కావాలి, ముప్పై దఫాలు. ఈ పద్ధతిలో చేసేవాళ్ళు ఇంకెవరూ దొరకడం లేదంది.

కుదరదని చెప్పబోయాను. వదిన మంచం మీంచి లేచొచ్చి ఫోను లాక్కుని "ఇస్తామండీ" అనేసింది.

"ఇస్తాం అంటే ఎవరు చేస్తారు?" అన్నాను.

"నువ్వు."

"మరి నువ్వో?"

"కుర్చీలో కూర్చుని తిడతాను. అది కూడా పనే."

ఆగస్టు 5

మొదటి దఫా. నలభై గాజు పలకలకి కొవ్వు పూసి, పూలాయన తెచ్చిన నేలసంపెంగలు తొడిమలు తీసి బోర్లా పరిచాను. చట్రాలు ఒకదానిమీద ఒకటి పేర్చాను. రేపు పొద్దున ఇవి తీసేసి అదే కొవ్వు మీద కొత్తవి పరచాలి. కోసిన తర్వాత కూడా ఒక రోజంతా వాసన పుట్టిస్తూనే ఉంటుంది ఈ పువ్వు. మిగతా పూలకి లేదు ఆ మొండితనం. మల్లెకి కాస్త ఉంది.

వదిన కొవ్వు గది గుమ్మంలో కుర్చీ వేయించుకుంది. తలుపు మీద సుద్దతో తను రాసిన చట్టం అలాగే ఉంది, ఏడాదికోసారి దిద్దుతుంది. ఉల్లి వద్దు. అల్లం వద్దు. తలనూనె, వాసన సబ్బు, పొగాకు, నొప్పుల మందు వద్దు. చివరి వరస: దిగులుతో రావద్దు. కొత్తలో అదేమిటని నేను నవ్వితే "దిగులు చెమట పుల్లగా ఉంటుంది. కొవ్వుకి ఏ వాసన మంచిదో ఏది చెడ్డదో తెలీదు, పక్కన ఏది ఉంటే అది తాగేస్తుంది" అంది. అప్పుడు నాకు ఇరవై మూడు. వదిన కాపురానికొచ్చి నెల. పుట్టింటి నుంచి నగలు తెచ్చుకోలేదు, ఈ విద్య తెచ్చుకుంది.

ఇవాళ చివరి వరస చదవకుండా లోపలికి వెళ్ళాను.

ఆగస్టు 9

పలకలు నలభై. నడుము ఒక్కటే.

ఆగస్టు 12

కుర్చీలోంచి పాఠం. ఒక పువ్వు నా ముక్కు కింద పెట్టి "చెప్పు, పైన ఏముంది?" అంది.

"పాలు. వెన్న."

"కింద?"

"కలరా ఉండలు."

"దాని కింద?"

"పశువుల కొట్టం."

"ఇంకా కింద?"

"నాకు అందట్లేదు వదినా, యాభై నాలుగేళ్ళొచ్చాయి, ఇంకా పరీక్షలా?"

తెల్లపూలన్నిటికీ అడుగున కాస్త కుళ్ళు ఉంటుంది. దానికి ముక్కావిడ ఇండోల్ అని పేరు చెబుతుంది. మేం కుళ్ళు అనే అంటాం. అది తీసేసి పరిమళం కడితే సబ్బు వాసనొస్తుంది. కొంచెం ఉంచితే పువ్వు. ఎక్కువైతే పెంట. ఈ మూడింటికీ మధ్య తేడా ఎంతో చెప్పగలిగిన మనిషి నా ఎరుకలో వదిన ఒక్కతే.

పాఠం సగంలో అలసిపోయి కళ్ళు మూసుకుంది. పువ్వు చేతిలోనే ఉంది. మధ్యాహ్నం రెండు చెంచాల జావ తాగింది. డాక్టరు వారాలన్నాడు గానీ మొహంలో కళ పోలేదు. డాక్టర్లు చెప్పినవన్నీ జరుగుతాయా ఏం.

ఆగస్టు 17

పదమూడో దఫా. ఇవాళ వదిన కుర్చీలో కూర్చోలేకపోయింది. నేను పలకలు ముగించుకుని వెళ్ళేసరికి గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

"నా మంచం కొవ్వు గదిలో వెయ్యి" అంది.

విన్నది నిజమో కాదో తెలియలేదు. "ఏ గదిలో?"

"చెవుడొచ్చిందా? కొవ్వు గదిలో. అక్కడ చల్లగా ఉంటుంది. ఇక్కడ ఒళ్ళు మండిపోతోంది."

ఒళ్ళు మండింది నాకు. "మతి పోయిందా వదినా నీకు! ఒక్క అల్లం ముక్క నమిలొచ్చానని పన్నెండు పలకలు గీకించి పారబోయించావు గుర్తుందా? జలుబు చేసి ముక్కుకి మందు రాసుకున్నానని మూడు రోజులు గుమ్మం తొక్కనివ్వలేదు. ముప్పై ఒక్క ఏళ్ళు నన్ను చంపుకు తిని, ఇప్పుడు నీ మంచం తెచ్చి అందులో వెయ్యమంటావా? సరుకేం కావాలి?"

మొత్తం విన్నది. నేను అరిచేటప్పుడు ఎప్పుడూ మధ్యలో అడ్డుపడే మనిషి, ఇవాళ పడలేదు. తర్వాత మెల్లగా "చెప్పింది చెయ్యవే" అంది. గొంతులో ఆజ్ఞ లేదు. బతిమాలుతోంది. వదిన నన్ను బతిమాలడం నేను ఎన్నడూ వినలేదు. వినాలనీ లేదు.

మంచం వేశాను. పలకలకి ఎంత దూరంగా వీలైతే అంత దూరంగా, కిటికీ మూలన. చేతులు చాచి కొలిచాను, నాలుగు బారలు. మధ్యలో ఉతికిన గుడ్డ తెర కట్టాను. నాలుగు బారల దూరం వాసన దాటదు. దాటుతుందని నాకు తెలుసు. అయినా రాస్తున్నాను. దాటదు.

ఆగస్టు 18

పూలాయన బుట్ట దించి తెర వైపు చూశాడు. "అక్కా, పెద్దమ్మగారు లోపలా? మరి సరుకు..."

"నీ పని చూసుకో నాయనా" అన్నాను. పాపం, ఏం తప్పు చేశాడని.

ఆగస్టు 20

నడుంనొప్పికి వదిన మెలికలు తిరిగిపోతోంటే మందు రాశాను. కొంచెమే.

ఆగస్టు 21

కొంచెమే రాశాను.

ఆగస్టు 22

ఇవాళ కూడా కొంచెమే.

ఆగస్టు 24

బాగుంది. నిజంగానే బాగుంది. లేచి కూర్చుంది. జావ సగం గ్లాసు తాగి "ఉప్పు వెయ్యడం ఎప్పుడు నేర్చుకుంటావే" అంది. వంకలు పెట్టిందంటే కోలుకుంటున్నట్టే. తల దువ్వమంది. దువ్వెనలో ఊడిన జుట్టు తనకి కనపడకుండా గుప్పిట్లో దాచాను.

"ఏమే, నిన్ను చూసుకోడానికొచ్చిన ఆ పొడుగాటాయన గుర్తున్నాడా?" అంది. గుర్తులేకేం. అన్నయ్య బతికున్న రోజుల్లో, వదిన పట్టుబట్టి తెచ్చిన సంబంధం. నేను ఎదురుగా కూర్చుని "మీ ఒంటి మీద తడిసిన గోనె వాసన వస్తోందండీ" అన్నాను. పరుగో పరుగు. వదిన వారం రోజులు నాతో మాట్లాడలేదు, ఎనిమిదో రోజు తనకే నవ్వొచ్చింది. ఇవాళ మళ్ళీ నవ్వాం ఇద్దరం.

తర్వాత నన్ను పాలు తెమ్మని పంపింది. ఇంట్లో పాలున్నాయి. చెబితే "తాజావి కావాలి" అంది. నేను వచ్చేసరికి ఫోను దిండు పక్కన పెడుతోంది.

"ఎవరితో?"

"రాంగ్ నంబరు."

రాంగ్ నంబరు వాళ్ళతో కూడా వదిన పావుగంట మాట్లాడగలదు, అందులో వింతేం లేదు.

ఆగస్టు 27

ఇరవై మూడో దఫా. పూలు మారుస్తోంటే తెరవెనక నుంచి అడిగింది.

"నేను పోయాక ఏం చేస్తావే?"

ఆ మాట మొదటిసారి బయటికొచ్చింది మా మధ్య. చేతిలో చట్రం ఉంది. చట్రం దించాను. అప్పుడు చెప్పాను.

"హాయిగా అల్లం తింటాను. పొద్దున్నా, సాయంత్రం. పచ్చిదే నములుతాను."

నవ్వింది. నవ్వితే నొప్పి. నొప్పి పుడుతున్నా నవ్వుతూనే ఉంది. "ఓసి నీ..." అంటూ ఆయాసపడింది. నేను తెర తీసి దగ్గర కూర్చుని వీపు నిమిరాను. నా అరచేతికి ఎముకలే తగిలాయి.

ఆ గదిలో ఏడవకూడదు. స్నానాలగదిలోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను. నాకు వదిన కావాలి. ఇంతకంటే రాయడానికి ఇవాళ ఏం లేదు. నాకు వదిన కావాలి.

ఆగస్టు 28

ఇవాళ పూలు మార్చలేదు.

ఆగస్టు 30

మొన్న పగలు రెండూ నలభైకి. నేను పక్కనే ఉన్నాను. నీళ్ళు అడిగింది, చెంచాతో పోశాను, పెదవి చివర నుంచి కారిపోయాయి. తుడుస్తున్నాను. తుడవడం అయ్యేసరికి అయిపోయింది. నేను ఇంకోసారి తుడిచాను.

డాక్టరు వచ్చి కాగితం మీద తేదీ రాసిచ్చాడు. వాళ్ళూ వీళ్ళూ వచ్చారు. తీసుకెళ్ళారు.

పెద్దమ్మ కూతురు, మేం పెద్దక్క అంటాం, రెండు రోజులు ఉండి ఇవాళ వెళ్ళింది. వెళ్తూ గుమ్మంలో "ఏమిటే ఇది, అన్న పెళ్ళాం పోతే కన్నతల్లి పోయినట్టు పడిపోయావు. వాడే పోయి ఇరవయ్యేళ్ళయింది, ఆవిడ నీకేమవుతుందని?" అంది. మంచిదే పెద్దక్క, మనసులో ఏం ఉండదు, నోరే అంత. అయినా నాకు పుండు మీద కారం చల్లినట్టయింది.

"ఏడవడానికి కూడా వరస చూసుకోవాలా పెద్దక్కా?" అన్నాను.

మొగుడు పోతే ఒక పేరుంది, తల్లి పోతే ఒక పేరుంది. వదిన పోయిన ఆడపడుచుకి ఏ పేరూ లేదు. నాలుగు రోజులైతే జనం సినిమాకి రమ్మని పిలుస్తారు.

ఆగస్టు 31

కొవ్వు గది తలుపు తీశాను. నాలుగు రోజుల పూలు పలకల మీదే గోధుమరంగుకి తిరిగి పడి ఉన్నాయి. అడుగునుండే కుళ్ళు పైకొచ్చేసింది. ఎనిమిది పలకలు పూర్తిగా పాడయ్యాయి, గీకి పారేశాను. ముప్పై రెండు మిగిలాయి. ఒక్కొక్క పువ్వూ చేత్తో ఏరి, పూలాయనకి కబురు పెట్టి, ఇరవై నాలుగో దఫా పరిచాను.

ఎందుకు చేస్తున్నావని నన్ను నేనే అడిగాను. ఇస్తామని వదిన అంది. అంతే.

మూలన మంచం అలాగే ఉంది. దుప్పటి కూడా. రేపు తీస్తాను.

సెప్టెంబరు 3

దుప్పటి రేపు తీస్తాను.

సెప్టెంబరు 6

ముప్పయ్యో దఫా. దుప్పటి తీయలేదు. దాని గురించి ఇక రాయను.

సెప్టెంబరు 7

కొవ్వు మొత్తం గీకి స్పిరిట్‌లో కలిపాను. ఇక రోజూ కలియబెట్టాలి, మంచులో పెట్టి కొవ్వు గడ్డకట్టాక వడగట్టాలి. ఇది ఎప్పుడూ వదిన చేసే పని. గరిటె తిప్పేటప్పుడు తను అంకెలు లెక్కపెట్టేది, నూటికి ఆగి వేళ్ళు విరుచుకునేది. నేను తొంభై దగ్గర తప్పిపోతున్నాను.

సెప్టెంబరు 19

వడగట్టడం అయింది. చిన్న సీసాడు. కాగితం పట్టీ ముంచి, ఆరనిచ్చి, వదిన నేర్పినట్టు మూడుసార్లు ఆగి ఆగి చూశాను. పాలు, వెన్న, కలరా ఉండలు, పశువుల కొట్టం. అంతే. మందు వాసన లేదు. మంచం వాసన లేదు. ఏమీ లేదు! శుద్ధమైన నేలసంపెంగ.

మళ్ళీ చూశాను. మళ్ళీ. లేదు.

వదినా, చూశావా, నాలుగు బారలు దాటలేదు. కొంచెమే రాశానన్నానా లేదా. ఎంత మాట పడ్డానో నీ చేత ఇన్నేళ్ళూ, ఒక్కసారి నేను గెలిచాను. చెబుదామంటే నువ్వేవీ?

సగం చిన్న సీసాలో పోసి ముక్కావిడకి పంపాను.

సెప్టెంబరు 24

ముక్కావిడ స్వయంగా వచ్చింది. ఎప్పుడూ మనిషిని పంపే ఆవిడ. చేతిలో నేను పంపిన సీసా.

కూర్చోమంటే కూర్చోలేదు. సంచిలోంచి కాగితం పట్టీ తీసి, ముంచి, నాకిచ్చింది. "చూడండి" అంది.

"చూశానండీ. శుద్ధంగా ఉంది."

"ఇందులో ఒక మనిషి ఉన్నారండీ."

నాకు ముక్కు మీద కోపం ఉందని అందరికీ తెలుసు, అది చేసే పనికి తగ్గట్టే ఉందని వదిన అనేది. "ఎవరున్నారు? ఎక్కడున్నారు? నా ముక్కు ముప్పై ఒక్క ఏళ్ళది, మీ కంపెనీ అమ్మాయిలు ఎవరో సీసా మూతకి మందు రాసిన చేతులు పెట్టి ఉంటారు" అని లేచాను.

ఆవిడ కోప్పడలేదు. కళ్ళు మూసుకుని, చదువుతున్నట్టు చెప్పింది. "పువ్వు అయ్యాక, పది నిమిషాలకి వస్తారు. ఆడమనిషి. ఎండలో ఆరిన నూలుచీర. పాపిట దగ్గర చెమట. అరచేతుల్లో పాత గాజుపొడి లాంటి వాసన, ఎప్పుడూ పలకలు పట్టుకున్న చేతులు. నొప్పుల మందు కొంచెమే. ఆ కింద ఒక తీపి... కాలేయం పాడైనవాళ్ళకి ఉంటుంది. మా నాన్నగారికి ఉండేది."

నేను పట్టీ లాక్కున్నాను. పాలు. వెన్న. కలరా ఉండలు. పశువుల కొట్టం. గట్టిగా పీల్చి మళ్ళీ చూశాను. కిటికీ దగ్గరికి వెళ్ళి చూశాను. "లేదండీ. నాకు లేదండీ" అన్నాను. నా గొంతు నాకే చిన్నపిల్లలా వినిపించింది.

అప్పుడు కూర్చుంది ఆవిడ. నన్నూ కూర్చోబెట్టింది. "మీ ఇంటి వాసన మీకెప్పుడైనా తెలిసిందా? పరాయి ఇంటికెళితే గుమ్మంలోనే తెలుస్తుంది, మన ఇల్లు మనకి తెలియదు. ఎప్పుడూ ఉండేదాన్ని ముక్కు లెక్కలోంచి తీసేస్తుంది. ఆవిడ మీకు అలాంటి వాసన. రోజుకి కాస్త కాస్త మారినా ఆ మార్పు కూడా అలవాటైపోతుంది. అందుకే జబ్బు కూడా పట్టుకోలేకపోయారు. అది మీ తప్పు కాదండీ."

నేను ఎవరినీ అడగని ప్రశ్నకి జవాబు అది. ఈ పుస్తకంలో తప్ప ఎక్కడా అడగలేదు. నేను ఏడుస్తానేమోనని ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. అంతటితో ఆగినా బాగుండేది.

"ఆగస్టులో ఆవిడ నాకు ఫోన్ చేశారు. ఈసారి సరుకు మీకు పనికిరాదు, వేరే దారి చూసుకోండి, మా ఆడపడుచుకి మాత్రం ఇప్పుడే చెప్పకండి అన్నారు. ఎందుకు పనికిరాదంటే, నా మంచం కొవ్వు గదిలో వేయించుకున్నాను అన్నారు. పొరపాటున కాదు అని కూడా అన్నారు."

రాంగ్ నంబరు.

గది చల్లగా ఉంటుందని చెప్పింది నాకు. ఒళ్ళు మండుతోందని. ఎంత చక్కగా అబద్ధమాడింది, చెవులు కూడా ఎర్రబడలేదు. తన చట్టం తనే తుడిచేసి, పదకొండు రోజులు ఆ మూలన పడుకుని, తనని తాను నాకోసం ఆ కొవ్వుకి పట్టించింది. దాచిపెట్టి పోయింది. నేనేమో తెర కట్టాను.

ముక్కావిడ సీసా నా ముందే వదిలేసింది. "ఇది అమ్మకండి" అంది.

సెప్టెంబరు 25

లేదు.

సెప్టెంబరు 26

డాబా మీద, గాలిలో చూశాను. లేదు. ముక్కు ఉప్పునీళ్ళతో కడుక్కుని చూశాను. లేదు. మొన్న ఆవిడ చెప్పిన వరసలోనే వెతికాను, నూలుచీర, పాపిట, అరచేతులు. పువ్వు తప్ప ఏమీ లేదు.

సెప్టెంబరు 29

పూలాయన దారిలో కనిపిస్తే ఇంట్లోకి పిలిచి పట్టీ ఇచ్చాను. అతనికి వాసనల చదువేం లేదు. చూసి, పది నిమిషాలకి మళ్ళీ చూసి, "పెద్దమ్మగారే" అన్నాడు. కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు.

అతన్ని పంపించేసి తలుపు వేసి వదినని తిట్టాను. గట్టిగానే తిట్టాను, పక్కింటికి వినపడే ఉంటుంది. ఊళ్ళో అందరికీ అందుతావు, బుట్టలు మోసుకునేవాడికి అందుతావు, మొన్నటిదాకా ఒక్కసారి కూడా మన గుమ్మం తొక్కని ముక్కావిడకి నీ అరచేతులతో సహా అందుతావు. నేనేం పాపం చేశాను? నువ్వు నాకోసం దాచింది నాకు తప్ప అందరికీ పంచిపెట్టినట్టుంది కదే వదినా. ముప్పై ఒక్క ఏళ్ళు నీ పక్కనే బతికినందుకు ఇదా నాకు శిక్ష?

అల్లం ముక్క కొరికాను. కారంగా ఉంది, అంతే.

అక్టోబరు 3

ముక్కావిడ తన దగ్గరికి రమ్మంది. అక్కడి అమ్మాయిలకి కొవ్వు పద్ధతి నేర్పాలట, మూడు వారాలు. జాలిపడి పిలుస్తోందని తెలుసు. అయినా వెళ్తున్నాను. ఇంట్లో కుర్చీలు కూడా నన్ను చూస్తున్నట్టున్నాయి. సీసా బీరువాలో పెట్టి తాళం వేశాను. ప్రయాణంలో పగిలితే?

అక్టోబరు 11

ఇక్కడి అమ్మాయిలు మెతక. ఒకత్తె చేతికి సబ్బు వాసనతో వచ్చింది. బయటికి పొమ్మన్నాను. ఏడ్చింది. అచ్చం వదినలా అరిచానని తర్వాత తట్టింది, మధ్యాహ్నం భోజనం సయించలేదు.

అక్టోబరు 20

ఇవాళ ఒక పూట మొత్తం వదిన గుర్తుకు రాలేదు. మధ్యాహ్నం మూడింటికి ఆ సంగతి తెలిసింది. దొంగతనం చేసి పట్టుబడినట్టు అనిపించింది.

అక్టోబరు 26

పొద్దున ఇల్లు చేరాను. తాళం తీసి తలుపు తోశాను. గుమ్మంలోనే ఆగిపోయాను.

వాసన. మా ఇంటికి ఒక వాసన ఉంది! తడి సున్నం, పాత చెక్క, ఎప్పటిదో కొవ్వు జిడ్డు. యాభై నాలుగేళ్ళుగా ఉన్న ఇల్లు, ఇలా ఉంటుందని నాకు తెలియనే తెలియదు. ఎవరింటికో వచ్చినట్టు చెప్పులు విడిచి, నెమ్మదిగా లోపలికి నడిచాను.

చేతులు కూడా కడుక్కోకుండా బీరువా తీశాను. పట్టీ ముంచాను. పది నిమిషాలు గడియారం చూస్తూ కూర్చున్నాను.

వచ్చింది.

ముందు ఎండలో ఆరిన చీర. తర్వాత పాపిట. తల దువ్వేటప్పుడు నా ముక్కుకి జానెడు దూరంలో ఉండే ఆ పాపిట. గాజుపొడి చేతులు. నడుముకి నేను రాసిన మందు. కొంచెమే కాదు, చాలా రాశాను. ఆ కింద తీపి, ఆ పాడు తీపి, జూన్‌లో నేను వెక్కిరించిన తీపి. అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి నా ఎదురుగా నిలబడినట్టే ఉంది. "వదినా!" అని గట్టిగా పిలిచాను. నవ్వాను కూడా. పిచ్చిదానిలా గదిలో ఒక్కదాన్నే నవ్వుతూ, ఏడుస్తూ, పట్టీని చెంపకి ఆనించుకుని "దొరికావే, దొరికావే" అన్నాను.

ఎంతసేపో ఆ సంతోషం. తర్వాత ముక్కావిడ మాట గుర్తొచ్చింది. ఎప్పుడూ ఉండేది అందదని.

మొన్నటిదాకా నాకు అందలేదంటే, వదిన ఇంకా నా ఒంటి చుట్టూ ఉంది కనకే. నా చీరల్లో, నా జుట్టులో, ఈ గోడల్లో, నేను పీల్చే ప్రతి ఊపిరిలో ఉంది కనకే. నేనేమో శిక్ష అని తిట్టాను. మూడు వారాలు ఊరు విడిచి వెళ్ళి, వేరే నీళ్ళతో స్నానం చేసి, వేరే గాలి పీల్చి, నా చేతులతో నేనే కడిగేసుకుని వచ్చాను. ఇప్పుడు పూలాయనకి అందినట్టే నాకూ అందుతోంది. బయటివాళ్ళకి అందినట్టు.

సీసా మూత బిగించాను. మళ్ళీ తెరవలేదు. కొవ్వు గదిలోకి వెళ్ళి మంచం మీది దుప్పటి తీసి మడత పెట్టాను.

డాక్టరు రాసిచ్చిన కాగితంలో ఆగస్టు ఇరవై ఎనిమిది అని ఉంది. అది తప్పు. మా వదిన ఇవాళ పోయింది, పొద్దున పదకొండింటికి.